జాజ్ పుట్టించింది ఒకరు, మొదటి రికార్డు ఇంకొకరిది



పండుగ పాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టాలా వద్దా అని పది రోజుల నుంచి గ్రూపులో నడుస్తున్న చర్చ మొత్తం చదివిన. వద్దు అనేవాళ్ళ మాట ఒకటే. పెడితే ఎత్తుకుపోతరు, రీమిక్స్ చేసి వాళ్ళ పేరు వేసుకుంటరు. పెట్టాలి అనేవాళ్ళు, ముసలోళ్ళు పోతే వాళ్ళతోపాటు పాట కూడా పోతది కదా అంటున్నరు. రెండు భయాలూ నిజమైనవే. నేను మాత్రం పెట్టాలి అనే వైపే ఉన్న. ఎందుకో చెప్పడానికి మన ఏజెన్సీ నుంచి కాకుండా అమెరికా నుంచి మొదలుపెడతా. పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకోండి.

డిగ్రీలో మాకు అమెరికా పౌరహక్కుల ఉద్యమం ఉంది. దాని కోసం చదువుతూ జాజ్ సంగీతం దగ్గర ఆగిపోయిన. హాస్టల్లో అందరూ పడుకున్నాక, నెట్ కొంచెం బాగా వచ్చే టైంలో, పాత రికార్డులు వెతికి విన్న. మొదటి రోజు ఏం అర్థం కాలేదు. నలుగురు ఒకేసారి నాలుగు రకాలుగా వాయిస్తున్నట్టు అనిపించింది. నాలుగైదు రోజులు విన్నాక తెలిసింది, ఒకరు అడుగుతుంటే ఇంకొకరు జవాబు చెప్తున్నరని. ముందు ఒకరు ఎత్తుకుంటే వెనక వరుస అందుకునే పాటల్లో పెరిగినోళ్ళం మనం. ఆ పద్ధతి మనకు కొత్త కాదు.

ఆ పద్ధతి అక్కడికి ఓడల్లో పోయింది. ఆఫ్రికా నుంచి సంకెళ్ళు వేసి పట్టుకుపోయిన మనుషుల దగ్గర సామాను ఏం మిగలనిచ్చారు? భాష తీసేశారు, పేర్లు మార్చేశారు, తల్లిని పిల్లని వేరువేరు యజమానులకు అమ్మేశారు. ఒంట్లో ఉన్న లయ, గొంతులో ఉన్న పాట మాత్రం తీయలేకపోయారు. తీయడానికి ప్రయత్నం చేయలేదని అనుకోకండి. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో అనే చోట బానిసలు తిరగబడ్డారు, డోలు కొడుతూ నడిచారు. ఆ మరుసటి సంవత్సరమే చట్టం వచ్చింది. డోలు గానీ, కొమ్ము గానీ, గట్టిగా మోగే ఇంకే వాయిద్యం గానీ బానిసల దగ్గర ఉండకూడదు. ఆ చట్టంలో కొమ్ము అనే మాట చూసి నేను కాసేపు పుస్తకం మూసేసిన. మన కొమ్ము కోయ ఆట గుర్తొచ్చింది. కొమ్ము ఊదితే దొరలకు భయం ఎందుకో మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. నాలుగు ఊళ్ళు ఒక్క చోటికి వస్తయి కదా.

డోలు లాక్కుంటే వాళ్ళు తొడ మీద, ఛాతీ మీద, నేల మీద కొట్టి లయ నిలబెట్టుకున్నారు. పత్తి చేలల్లో పని పాటలయ్యాయి, చర్చిల్లో భక్తి పాటలయ్యాయి. 1865లో బానిసత్వం చట్టప్రకారం పోయినా పాలేరుతనం, అప్పులు పోలేదు. ఆ బతుకులో నుంచి బ్లూస్ వచ్చింది. కష్టాన్ని పాడే పాట అంటారు గాని, వింటే అందులో వెటకారం కూడా బాగానే ఉంటది.

ఇవన్నీ ఒక్క చోట కలిసిన ఊరు న్యూ ఓర్లీన్స్. అక్కడ కాంగో స్క్వేర్ అని ఒక మైదానం ఉంది. బానిసలు ఆదివారాలు మాత్రమే, అధికారులు చూపించిన చోట మాత్రమే గుమిగూడాలని 1817లో నగర పాలకులు ఉత్తర్వు ఇచ్చారు. ఆ చోటు ఈ మైదానమే అయింది. మిగతా దేశంలో డోలు మూగబోయిన కాలంలో ఇక్కడ వారానికి ఒక్క పూట మోగింది. అదే ఊళ్ళో ఫ్రెంచి వాళ్ళకి, నల్లజాతి వాళ్ళకి పుట్టిన క్రియోల్ కుటుంబాలు ఉండేవి. కొంచెం ఆస్తి, చదువు ఉన్నవాళ్ళు, యూరప్ సంగీతం కాగితం చూసి వాయించేవాళ్ళు. వీళ్ళు పేద నల్లవాళ్ళకి దూరంగానే ఉండేవాళ్ళు. 1890లో లూసియానా రాష్ట్రం రైళ్ళలో తెల్లవాళ్ళకి, నల్లవాళ్ళకి వేరువేరు పెట్టెలు అని చట్టం చేసింది. దాన్ని ఎదిరించి తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చున్న హోమర్ ప్లెస్సీ ఒక క్రియోల్. 1896లో సుప్రీంకోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ చట్టాల లెక్కలో క్రియోల్ అయినా కూలీ అయినా అందరూ నల్లవాళ్ళే. అట్లా కాగితం చూసి వాయించేవాళ్ళు, చెవితో విని వాయించేవాళ్ళు ఒకే వాడలో, ఒకే బ్యాండులో పడ్డారు. జాజ్ పుట్టడానికి అదొక్కటే కారణం అనను. కాని ఆ కలయిక లేకుండా జాజ్ ఇట్లా ఉండేది కాదు.

ఆ రోజుల్లో న్యూ ఓర్లీన్స్‌లో అందరి నోట్లో ఉన్న పేరు బడ్డీ బోల్డెన్. కార్నెట్ అనే బూర ఊదేవాడు. మైళ్ళ దూరం వినపడేదని చెప్పుకునేవాళ్ళు. జాజ్ మొదటి నాయకుడు ఎవరంటే చాలామంది ఇప్పటికీ ఆయన పేరే చెప్తారు. 1907లో మతి చలించిందని పిచ్చాసుపత్రిలో పెట్టారు. 1931లో అక్కడే చనిపోయాడు. ఇరవై నాలుగేళ్ళు! ఆయన వాయించింది ఒక్క నిమిషం కూడా ఇయ్యాల మన దగ్గర లేదు. ఒకసారి రికార్డ్ చేశారని మాట ఉంది గాని ఆ రికార్డు దొరకలేదు. మిగిలింది బ్యాండుతో దిగిన ఒక మసక ఫోటో.

ఇప్పుడు మన చర్చకు సూటిగా తగిలే మనిషి దగ్గరికి వస్తా. ఫ్రెడ్డీ కెపార్డ్, బోల్డెన్ తర్వాత ఆ ఊళ్ళో పెద్ద కార్నెట్ వాద్యగాడు. 1916 ఆ ప్రాంతంలో విక్టర్ అనే పెద్ద కంపెనీ రికార్డు చేద్దాం రమ్మంటే ఒప్పుకోలేదని ఒక కథ ఉంది. రికార్డు బయటికి పోతే అందరూ నా వాయింపు దొంగిలిస్తరు అన్నాడట. వేళ్ళు ఎట్లా కదులుతున్నయో పక్కోడికి కనపడకుండా చేతి మీద రుమాలు కప్పుకుని వాయించేవాడని కూడా చెప్తారు. కథలో ఎంత నిజమో ఎంత కల్పితమో దాని మీద చరిత్రకారులు వాదించుకుంటనే ఉన్నారు. తర్వాత జరిగినదాంట్లో మాత్రం వాదన లేదు. 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో అదే విక్టర్ కంపెనీ మొదటి జాజ్ రికార్డు చేసింది. వాయించింది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్. న్యూ ఓర్లీన్స్ నుంచి పోయిన ఐదుగురు తెల్లవాళ్ళు. పేరులోనే 'ఒరిజినల్' చూడండి. ఒక పాటలో కోడి కూత, గుర్రం సకిలింపు, ఆవు అరుపు వాయిద్యాలతో చేసి చూపించారు. రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ బ్యాండు నాయకుడు నిక్ లారోకా తర్వాత రోజుల్లో జాజ్ పుట్టుకలో నల్లవాళ్ళకి ఏ సంబంధం లేదని, అది తెల్లవాళ్ళే తయారుచేశారని చెప్పుకుంటూ తిరిగాడు.

అందుకే అంటున్న. దాచుకుంటే దొంగతనం ఆగుతది అనేది నాకు నమ్మకం లేదు. కెపార్డ్ దాచుకున్నాడు అనుకుందాం, దొంగతనం ఆగిందా? అసలు దొర దగ్గర ఉన్నది ఏంటో తెలుసుకునే అవకాశం వినేవాళ్ళకి లేకుండా పోయింది, అంతే. నకలు ముందు బజారుకి వస్తే తర్వాత వచ్చిన అసలుని చూసి జనం ఇది ఫలానావాళ్ళ లాగ ఉందే అంటరు.

నల్లవాళ్ళ పెద్ద జాజ్ రికార్డులు రావడానికి 1922, 1923 దాకా పట్టింది. 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బ్యాండు ఇండియానా రాష్ట్రంలో రిచ్‌మండ్ అనే ఊరికి పోయి జెన్నెట్ కంపెనీలో రికార్డు చేసింది. ఆ కంపెనీయే నల్లవాళ్ళని చంపే కు క్లక్స్ క్లాన్ వాళ్ళకి కూడా డబ్బులు తీసుకుని రికార్డులు అచ్చేసి ఇచ్చేది. వ్యాపారం వ్యాపారమే. ఆ బ్యాండులో రెండో కార్నెట్ వాయించిన కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన చిన్నతనం మనవాళ్ళు తప్పకుండా చదవాలి. తండ్రి వదిలేసి పోయాడు, తల్లి పేదరాలు. పదకొండేళ్ళప్పుడు కొత్త సంవత్సరం ముందు రాత్రి వీధిలో తుపాకీ పేల్చాడని పోలీసులు పట్టుకుపోయి నల్ల పిల్లల హోంలో వేశారు. బ్యాండు నేర్పే టీచర్ అక్కడ ఉండడం వల్ల కార్నెట్ పట్టుకోవడం సరిగ్గా నేర్చుకున్నాడు. హాస్టల్ లాంటిదే అని సంబరపడకండి, అది పిల్లల జైలు. అయినా ఒక్క మంచి టీచర్ ఉంటే ఏమైతదో అనిపించింది.

రికార్డు చేస్తే చాలా అంటే చాలదు. ఇది వద్దు అనే అన్నలకు నేను ఒప్పుకునే మాట. బెస్సీ స్మిత్ గొప్ప బ్లూస్ గాయని. 1923లో కొలంబియా కంపెనీకి పాడిన మొదటి పాటే లక్షల్లో అమ్ముడుపోయింది. ఆమెకి ఇచ్చింది ఒక పాటకి ఇంత అని లెక్క. మొదట్లో అది 125 డాలర్లు. ఎన్ని అమ్ముడుపోయినా పైన పైసా రాదు. 1937లో కారు ప్రమాదంలో పోయింది. 1970 దాకా ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి లేదు. డ్యూక్ ఎల్లింగ్టన్ అంత పెద్ద స్వరకర్త పాటల మీద కూడా ఆయన మేనేజర్ ఇర్వింగ్ మిల్స్ తన పేరు కలిపి రాయించుకునేవాడు. పాట ఎంత గొప్పదైనా కాగితం మీద ఎవరి పేరుంటే డబ్బు వాళ్ళకే పోతది. పట్టా ఎవరి పేరు మీద ఉందో భూమి వాళ్ళదే అయినట్టు. పోడు భూముల గురించి ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇళ్ళల్లో పుట్టినోళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

కాగితం సంగతి తొందరగా పట్టుకున్న మనిషి డబ్ల్యూ.సీ. హ్యాండీ. 1912లో 'మెంఫిస్ బ్లూస్' హక్కులు చాలా తక్కువకి అమ్ముకున్నాడు. అది కొన్నవాళ్ళకి బాగా డబ్బు తెచ్చింది. ఆ దెబ్బతో హ్యారీ పేస్ అనే ఆయనతో కలిసి సొంతంగా అచ్చు కంపెనీ నడిపాడు. 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' తన కంపెనీ నుంచే అచ్చేశాడు. దాని మీద బతికినంత కాలం రాబడి వచ్చింది. ఆ హ్యారీ పేస్ 1921లో బ్లాక్ స్వాన్ అని నల్లవాళ్ళ సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. 1924 నాటికి అది పారామౌంట్ కంపెనీ చేతికి పోయింది. ఓడిపోయిందనే అనాలి. కాని ఆ మూడేళ్ళ రికార్డుల మీద ఎవరు పాడారో వాళ్ళ పేరు, అమ్మేది ఎవరో వాళ్ళ పేరు రెండూ మనవే అని హార్లెంలో ఒక తరం చూసింది.

ఇంకో విషయం, ఇది రాసేటప్పుడు నాకు కోపం వస్తది. హార్లెంలో కాటన్ క్లబ్ అని ఉండేది. 1927 డిసెంబర్ నుంచి ఎల్లింగ్టన్ బ్యాండు అక్కడ వాయించింది. వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళు అందరూ నల్లవాళ్ళే. కుర్చీల్లో కూర్చునేది తెల్లవాళ్ళు. వేదిక మీద పత్తి తోటల బంగళా బొమ్మలు, అడవి బొమ్మలు. ఎల్లింగ్టన్ సంగీతానికి అడవి సంగీతం అని పేరు పెట్టి అమ్మారు. న్యూయార్క్ నగరంలో సూటు బూటు వేసుకుని అంత కష్టమైన సంగీతం రాసే మనిషిని అడవి మనిషిగా చూపిస్తేనే టికెట్ తెగుతది అనుకున్నారు. మంత్రి గారో కలెక్టర్ గారో వస్తున్నరంటే పొద్దున్నుంచి ఎండలో నిలబెట్టి, కొమ్ములు కట్టించి, ఫోటోలయ్యాక పులిహోర పొట్లం ఇచ్చి పంపిన రోజులు ఈ గ్రూపులో ఎంతమందికి ఉన్నయో నాకు తెలుసు. ఆటకి ఒక అర్థం ఉంది, ఒక కాలం ఉంది, ఏ పండుగకి ఆడతరో ఉంది. అది అడిగినవాళ్ళు ఎవరు?

ఎల్లింగ్టన్ ఆ క్లబ్బులో ఉద్యోగం వదిలేసి పోలేదు, నెల జీతం కావాలి, రేడియోలో దేశమంతా వినపడాలి. కాని ఆ అడవి అనే పేరు కిందనే తనకు కావాల్సిన సంగీతం రాసుకున్నాడు. 1943 జనవరిలో కార్నెగీ హాల్‌లో తన జాతి చరిత్ర మొత్తాన్ని ఒక పొడుగు రచనగా వినిపించాడు. దాని పేరు 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్'. 1965లో పులిట్జర్ కమిటీ న్యాయనిర్ణేతలు ఆయనకి ప్రత్యేక గౌరవం ఇవ్వాలని రాస్తే పై బోర్డు కాదంది. ఆయన పోయింది 1974లో. ఆ గౌరవం 1999లో ఇచ్చారు. ఎవరి చేతికి ఇచ్చారో మీరే చెప్పండి.

సంగీతానికి కులం, రంగు ఏంది, అది అందరిది కదా అని ఒక తమ్ముడు రాసిండు. నిజమే, జాజ్‌ని ప్రేమతో నేర్చుకున్న తెల్లవాళ్ళు చాలామంది ఉన్నారు. బెన్నీ గుడ్‌మన్‌కి స్వింగ్ రాజు అని పేరొచ్చింది ఎక్కువగా ఫ్లెచర్ హెండర్సన్ అనే నల్ల సంగీతకారుడు రాసిచ్చిన బాణీల అమరిక మీద. గుడ్‌మన్ ఆ సంగతి దాచలేదు, పైగా నల్లవాళ్ళని, తెల్లవాళ్ళని ఒక వేదిక మీద కూర్చోబెట్టడానికి అందరూ వెనకాడే రోజుల్లో టెడ్డీ విల్సన్‌ని, లయొనెల్ హాంప్టన్‌ని పక్కన పెట్టుకుని వాయించాడు. అట్లా నేర్చుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే 1930లో వచ్చిన 'కింగ్ ఆఫ్ జాజ్' సినిమా దగ్గర. ఆ రాజు పాల్ వైట్‌మన్, తెల్ల బ్యాండు మాస్టరు. సినిమా చివర్లో ఒక పెద్ద కొప్పెర చూపించి, అమెరికా సంగీతం ఏఏ దేశాల నుంచి వచ్చి అందులో కలిసిందో ఒక్కొక్క జాతినీ పిలుస్తారు. యూరప్ దేశాలన్నీ వరుసగా వస్తాయి. ఆఫ్రికా రాదు. జాజ్ సినిమాలో! అందరిది అనే మాట అట్లాంటి చోట నుంచి వస్తే నేను కొంచెం జాగ్రత్తగా వింటా.

రెండేళ్ళ కింద మా ఊరికి కెమెరాలతో కొందరొచ్చి మా నాయనమ్మతో, ఇంకో ముగ్గురు ఆడోళ్ళతో రేల పాటలు పాడించుకుని పోయిండ్రు. తర్వాత వీడియోలో కెమెరా పేరు ఉంది, ఎడిటింగ్ పేరు ఉంది, సంగీతం అని ఒకాయన పేరు ఉంది. పాడినోళ్ళ దగ్గర 'గిరిజన మహిళలు' అని ఉంది. నలుగురికీ పేర్లు ఉన్నయి, ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పాటలో రెండు చరణాలు మా నాయనమ్మ సొంతంగా కట్టినవి. సంప్రదాయం అని రాస్తే ఎవరూ కట్టలేదు, చెట్టుకి కాసింది అన్నట్టు అయితది.

అందుకని నా మాట ఏంటంటే, రికార్డు మనమే చెయ్యాలి, పేర్లు మనమే రాయాలి. పాడిన మనిషి పూర్తి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరో వాళ్ళ పేరు, ఏ పండుగకి పాడతరో, తేదీ. పాట మాటలు కోయలో తెలుగు లిపిలో రాసి కింద అర్థం పెట్టాలి. అసలు ఫైలు మన దగ్గర, ఊళ్ళో ఇంకొకరి దగ్గర ఉండాలి. నల్లవాళ్ళ దగ్గర నుంచి భాష మొత్తం లాక్కున్నారు, వాళ్ళు బూరతో మాట్లాడుకోవాల్సి వచ్చింది. మన భాష ఇంకా మన నోట్లో ఉంది. సంతాలీకి 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు దొరికింది, కోయకి, గోండికి లేదు. షెడ్యూల్ వచ్చేదాకా ముసలోళ్ళు ఆగరు కదా.

అన్నీ పెట్టమని నేను అనట్లేదు. వేల్పుల దగ్గర చెప్పే కథలు, చావు దగ్గర పాడేవి, పెద్దలు వద్దన్నవి పెట్టొద్దు. అవి రికార్డు చేసినా ఊళ్ళోనే ఉండనీయండి. ఏది బయటికి, ఏది లోపల అనేది పాడేవాళ్ళు, పెద్దలు కూర్చుని తేల్చాలి. ఫోన్ ఉన్న మనం తేల్చేది కాదు.

జెల్లీ రోల్ మార్టన్ అని ఒక పియానో దొర ఉన్నాడు. 1902లో జాజ్ కనిపెట్టింది నేనే అని పత్రికకు ఉత్తరం రాసిన మనిషి! మన ఊళ్ళల్లో కూడా ఇట్లాంటి తాత ఒకరు ఉంటరు, అడవిలో ప్రతి పులినీ ఆయనే తరిమి ఉంటడు. 1938లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అలాన్ లోమాక్స్ ఆయన్ని పియానో ముందు కూర్చోబెట్టి రికార్డు ఆన్ చేశాడు. ఆయన గంటల తరబడి వాయిస్తూ, మధ్యలో గొప్పలు చెప్పుకుంటూ, పాత న్యూ ఓర్లీన్స్ మొత్తం చెప్పుకుపోయాడు. ఎవరు ఎట్లా వాయించేవాళ్ళో వాయించి చూపించాడు. మూడేళ్ళకి చనిపోయాడు. గొప్పల్లో సగం తీసేసినా ఆ రికార్డుల్లో మిగిలేది చాలా ఉంది. పాట ఒక్కటే కాకుండా పాట గురించి వాళ్ళు చెప్పే మాటలు కూడా రికార్డు చెయ్యాలి అని నేను అనేది అందుకే. మధ్యలో దగ్గు, కోడి కూత, మనవడి మీద కేకలు ఏమొచ్చినా కట్ చేయొద్దు.

సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయేవాళ్ళు ఎవరెవరు, ఏ ఊరు, మీ ఊళ్ళో పాడేవాళ్ళు ఎవరున్నరో కింద రాయండి. మా హాస్టల్లో ఒక అన్న దగ్గర మైక్ ఉంది, వరుసగా తిప్పుకుందాం. భద్రాచలం వైపు వాళ్ళు ముందు చెప్తే బస్సు ఒక్కటే కాబట్టి కలిసి పోవచ్చు.